నా కాల్ ఒక్కటే కట్ అవుతుంది

సెప్టెంబర్ 14, 2011. కోరుట్ల

కరెంటు లేదు. నిన్నటి నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. సింగరేణిలో బొగ్గు తీసేవాళ్ళు కూడా పని ఆపేశారు కాబట్టి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో అడిగి లాభం లేదు. షాపులో సోల్డరింగ్ కడ్డీ చల్లారిపోయింది. చేతులు ఖాళీగా ఉంటే నా బుర్ర మంచి దారిన పోదని మా ఆవిడ అతియా ఎప్పుడూ అంటుంది. అందుకే ఎవరో పంచిన ఈ డైరీ దుమ్ము దులిపి తీశాను.

ముందే ఒక మాట రాసి పెడుతున్నాను. ఉబేద్ మీద నాకు అసూయ లేదు.

వాడు మా ఉస్తాద్ చెల్లెలి కొడుకు. షార్జాలో ఫోన్ల బజారులో పనిచేసి రంజానుకు ఇంటికి వచ్చాడు, మళ్ళీ పోలేదు. జగిత్యాల నుంచి రోజూ మోటార్ సైకిల్ మీద మా షాపుకు వస్తున్నాడు. ఉస్తాద్ రమ్మన్నారు, వస్తున్నాడు. బోర్డు మీద ఇప్పటికీ ఆయన పేరుతో ‘గులాం మొహియుద్దీన్ రేడియో వర్క్స్’ అనే ఉంది కదా, ఎవరిని రమ్మనాలో ఆయన ఇష్టం. నాకు ఆయన మొదట ఉస్తాద్, తర్వాతే మామ. పని నేర్పి, పనిమంతుడినని నమ్మి బిడ్డనిచ్చారు. రేడియోలు పోయి టీవీలు, టీవీలు పోయి ఫోన్లు వచ్చాయి. షట్టర్ మాత్రం రోజూ లేస్తోంది. ఎవరి వల్ల లేస్తోందో ఆయన ఒక్కసారి పైకి అంటే బాగుండునని ఉంటుంది. అనరు. పోనీలే.

వాడు వచ్చీ రాగానే చేసిన పని కంప్యూటర్ తెరను కస్టమర్ వైపు తిప్పడం. ఏ మొబైల్ మెకానిక్ అయినా తెర తనవైపే పెట్టుకుంటాడు. ఫోన్‌కు ఫ్లాష్ కొడుతుంటే, అంటే లోపలి సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది ఎక్కిస్తుంటే, కస్టమర్ చూడకూడదు. చూస్తే “గింతేనా?” అంటాడు. “గింతేనా” అన్నవాడు మళ్ళీ మన మెట్టెక్కడు.

“తెర ఎందుకు తిప్పినవ్ రా?” అన్నాను.

“చూడనియ్యి భాయ్. దాచుడెందుకు?”

మళ్ళీ నావైపు తిప్పుకున్నాను.

సెప్టెంబర్ 16

పక్కనున్న ఇబ్రహీంపట్నం నుంచి హన్మంతు వచ్చాడు. పసుపు రైతు. కొడుకు దుబాయి నుంచి పెద్ద తెర ఫోన్ పంపాడట. జేఏసీ వాళ్ళు ఫేస్‌బుక్‌లో రేపు ఎక్కడ రాస్తారోకో, ఎక్కడ వంటావార్పు అని పెడుతున్నారు కదా, అవి చదువుకుందామని చూస్తే అక్షరాల బదులు వరసగా చతురస్రాలు.

“అన్నీ డబ్బాలే అస్తున్నయి షోయబూ. అరబ్బీ అస్తంది, ఇంగ్లీషు అస్తంది. మన తెలుగేం పాపం చేసింది?”

ఉన్నమాట చెప్పాను. గల్ఫ్ ఫోన్‌లో కంపెనీ వాడు తెలుగు పెట్టలేదు, పెట్టనిది రాదు అని. వెనక నుంచి ఉబేద్, “ఎందుకు రాదు కాకా, మనం పెడదాం” అన్నాడు.

అక్కడే కూర్చున్న ఉస్తాద్ చెవి అటు వేశారు. “కంపెనోడు పెట్టనిది నువ్వెట్ల పెడుతవ్ రా?”

“ఇది ఆండ్రాయిడ్ మామూ. ఫోన్‌ను నడిపించే రాత ఉంటది గద, దీనిదాంట్ల చానామట్టుకు బయటనే పెట్టిన్రు. ఎవలైనా తీసుకోవచ్చు, చదువొచ్చు, మన అవసరానికి మార్చుకోవచ్చు. మార్చింది ఇంకొకలకు ఇయ్యొచ్చు. ఎవల్నీ బతిమిలాడుడు లేదు.”

“ఊకెనేనా? పైసలియ్యకుంటనే?”

“ఊకెనే. ముందుగాల పనిచేసినోళ్ల పేర్లు మాత్రం తీసెయ్యొద్దు, గంతే.”

ఉస్తాద్ ముఖం చూడాలి. ముప్ఫై ఏళ్ళు వెనక్కి పోయింది ఆ ముఖం. “మా కాలంల రేడియో వెనుక అట్ట ఇప్పితే లోపల నక్ష అతికించి ఉండేది. ఏ తీగ యాడికెళ్లి యాడికి పోతదో కంపెనోడే గీసి పెట్టెటోడు. బాగుచేసెటోనికి గది కండ్ల అసుంటిది. ఎనుకమల్ల నక్షలు పెట్టుడు బందు చేసిన్రు. మేము చీకట్ల దేవులాడుకున్నం. అంటే గిది నక్ష ఉన్న ఫోనన్నట్టు!”

“గదే మామూ! నేను గంటసేపు చెప్పేది నువ్వు ఒక్క ముక్కల చెప్పినవ్.”

హన్మంతు, “ఇయ్యనోన్ని అడుగుడు ఇడిసిపెట్టి మనదే మనం పెట్టుకునుడు. మంచిగున్నది, తెలంగాణ ముచ్చట లెక్కనే ఉన్నది” అని నవ్వాడు. ఉస్తాద్ ఉబేద్ వీపు తట్టారు. ఇన్నేళ్ళలో నా వీపు ఎన్నిసార్లు తట్టారో గుర్తు చేసుకుందామని చూశాను. ఈగ వాలినప్పుడు ఒకసారి.

సెప్టెంబర్ 17

ఉస్తాద్ ఈరోజు కూడా వాడి పక్కనే కుర్చీ వేయించుకున్నారు.

సెప్టెంబర్ 19

ఆర్టీసీ బస్సులు కూడా ఆగిపోయాయి. బస్టాండు ఎదుట టెంటు, టెంటులో పాటలు. ఆ టెంటులో ఉన్నవాళ్ళంతా మధ్యాహ్నానికి మా షాపులో ఉంటున్నారు. అందరికీ ఉబేదే కావాలి. “తెలుగు పెట్టే ఉబేద్ ఉన్నడా?” అని నన్నే అడుగుతారు. నేనేదో వాడి దగ్గర పనికి కుదిరినట్టు.

నిజం చెప్పాలంటే పనంతా వాడిది కూడా కాదు. మొదట వాడు పెడితే అక్షరాలు వచ్చాయి కానీ ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. దాన్ని సరిచేసింది సిరిసిల్లలో మార్కండేయులు అనే ఆయన. కాలేజీలో కంప్యూటర్ చెప్పే సారు. సమ్మెలో ఉన్నాడు కాబట్టి తీరిక. వీళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఇతను సగం చేసి నెట్‌లో పెడతాడు, ఆయన మిగతా సగం చేసి నెట్‌లో పెడతాడు. ఎట్లా చేశారో కూడా అక్కడే రాసి పెడతారు. వంట చేసి, ఎట్లా వండారో ఊరంతా చాటింపు వేసినట్టు. ఇట్లాంటి వాళ్ళు దుకాణం నడిపితే నడిచినట్టే.

నేను అది దింపుకున్నాను. తప్పేమీ కాదు, తీసుకోవడానికే పెట్టారు. ‘ఫోన్ గురించి’ అనే పేజీలో ఉబేద్ పేరు, మార్కండేయులు పేరు, వాళ్ళకంటే ముందు ఎవరెవరివో పేర్లు ఉన్నాయి. తీసేశాను. ‘షోయబ్, కోరుట్ల’ అని పెట్టాను. కొత్త దిద్దుబాట్లు వస్తే ఫోనే అడిగి తెచ్చుకునే ఏర్పాటు ఒకటి ఉంది. అది పోయి పోయి నెట్‌లో ఉన్న ఉబేద్ పేజీనే అడుగుతుంది. నా పేరున్న ఫోన్ వాడి గడప ఎక్కడమేమిటి? దాన్నీ తీసేశాను.

ఇది అసూయ కాదు, వ్యాపారం.

సెప్టెంబర్ 20

ఉబేద్ చెయ్యి పడకముందే అతియా ఫోన్‌కు నేనే ఫ్లాష్ కొట్టాను. మేం మాట్లాడుకునేది ఉర్దూ, కానీ ఇద్దరం చదివింది తెలుగు మీడియమే. ఫోన్‌లో పేర్లన్నీ తెలుగులో మార్చుకుంటూ పిల్లకు అన్నం పెట్టడం కూడా మరిచిపోయింది. ఆ ముఖంలో వెలుగు చూసి నా కడుపు నిండింది.

“ఉబేద్ చేసింది మస్తున్నది” అంది.

నేను చేసింది అన్నాను. “అవునా” అంది. అంతే. “అవునా.”

మా షాపు వెనక వీధిలో ఉండే సుస్మిత ఫోన్‌కు కూడా నేనే కొట్టాను. ఆమె భర్త దేవేందర్ నాతో చదువుకున్నవాడు, దుబాయిలో ఉన్నాడు. ఇట్లాంటివి చాలానే కొట్టాను. తెర నావైపే తిప్పుకుని.

సెప్టెంబర్ 22

ఉస్తాద్ కంటిలో పొర తీయించడానికి జగిత్యాల తీసుకెళ్ళారు. ఒక కన్ను అయ్యాక రెండోది. బస్సులు లేవు, రోజూ తిరగలేరు కాబట్టి అయ్యేదాకా చెల్లెలు రషీదాబీ ఇంట్లోనే ఉంటారు. చూసుకోవడానికి అతియా, ఆమెతో మా పాప లుబ్నా కూడా వెళ్ళారు.

రషీదాబీ ఇల్లంటే ఉబేద్ ఇల్లే.

అతియా, “మీరు గూడ రారాదుండ్రి, దుకాణం నాలుగు దినాలు ఉబేద్ చూసుకుంటడు” అని ఉర్దూలో అంది. అందుకే నేను పోలేదు. నేను లేచిన కుర్చీలో ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు.

సెప్టెంబర్ 24

ఉస్తాద్ కన్ను ఎట్లా ఉందో కనుక్కుందామని అతియాకు చేశాను. ఒక్కసారి మోగి కట్. మళ్ళీ చేశాను. కట్. పనిలో ఉందేమో అనుకుని ఆగి చేశాను. కట్.

తర్వాత ఉబేద్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే అతియా.

“నీ ఫోన్‌కు ఏమైంది? ఎందుకు కట్ చేస్తున్నవ్?” అన్నాను.

“నేనెందుకు కట్ చేస్త? మీది మోగుతది, పోతది. ఏందో ఇంగ్లీషుల అస్తది తెర మీద. నేను చేద్దామన్నా గట్లనే అయితంది.”

“వేరేవాళ్ళవి వస్తున్నయా?”

“అందరియి వస్తున్నయి. మీదే.”

అందరివీ వస్తున్నాయి. నాదే.

సెప్టెంబర్ 25

కట్.

సెప్టెంబర్ 26

ఈరోజూ అంతే. ఈసారి రషీదాబీ ఫోన్ నుంచి చేసింది. అబ్బాకు, అంటే వాళ్ళ నాన్నకు, ఆపరేషన్ బాగా జరిగిందని, ఉస్తాద్ ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉబేద్‌తో ఫోన్ల గురించి చర్చ పెడుతున్నారని నవ్వుతూ చెప్పింది. మళ్ళీ ‘ఇంగ్లీషుల ఏందో అస్తది’ అంది. సాకు చెప్పేటప్పుడు కనీసం మార్చి చెప్పాలి. భార్యకు ఆ మాత్రం తెలివి ఉంటుందనుకున్నాను.

సెప్టెంబర్ 28

దేవేందర్ దుబాయి నుంచి షాపు ఫోన్‌కు చేశాడు. గొంతులో తేడా ఉంది.

“షోయబూ, నీకు తప్ప ఎవ్వలికి చెప్పుకోలే. సుస్మిత నా ఫోన్ ఎత్తుతలేదు. మోగంగనే కోసేస్తంది. మా అవ్వకు చేస్తే, ‘నేను కొయ్యలే’ అంటందట. నా ఒక్కనిదే ఎందుకు కట్టయితది చెప్పు?”

నాకు వాడి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో! సొంత తమ్ముడిలా అనిపించాడు. “గట్లనే ఉంటది దేవేందర్. ఊకెనే కట్టవుతదా? కొంచెం కనిపెట్టుకొని ఉండు” అన్నాను. ఫోన్ పెట్టేశాక కాస్త తేలికగా అనిపించింది. నా ఒక్కడికే కాదు అన్నమాట.

సాయంత్రం ఉబేద్ వెళ్ళబోతూ ఆగాడు. “భాయ్, నువ్వు తెలుగు పెట్టిన ఫోన్లకు కొత్తది ఎయ్యి. పాతదాంట్ల ఒక లోపమున్నది, మార్కండేయులు సారు సరిచేసిండు.”

“నేను పెట్టినయి నావి. వాటి సంగతి నాకు తెల్సు” అన్నాను.

వాడు ఇంకేదో చెప్పబోయాడు. కరెంటు వచ్చింది. గ్రైండర్ వేసినట్టు అన్ని ఫ్యాన్లూ ఒకేసారి మొదలయ్యాయి. వాడు వెళ్ళిపోయాడు, మా ఆవిడ ఉన్న ఇంటికి.

అక్టోబర్ 1

ఈరోజు చేసిన పని రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను?

ఉబేద్ టీ తాగడానికి టెంటు దాకా వెళ్ళాడు. ఫోన్ బల్ల మీదే వదిలాడు. వాడు ఏదీ దాచడు కదా, తాళం కూడా వేయడు. దానితో అతియాకు చేశాను.

ఒక్కసారి మోగింది. ఎత్తింది.

“చెప్పు ఉబేద్” అంది. ఎంత తేటగా అంది!

నేను మాట్లాడలేదు. “హలో, హలో” అని, “తమ్మీ, ఇనవడుతలేదు” అంది. పెట్టేశాను. తమ్మీ అంది. ఆ మాట నాకు వినబడింది. వినబడినా మంట తగ్గలేదు. తమ్ముడి ఫోన్ మొదటి రింగుకే ఎత్తాలా?

ఉబేద్ వచ్చి, నాకోసం తెచ్చిన టీ బల్ల మీద పెట్టాడు. చల్లారాక పారబోశాను.

అక్టోబర్ 3

నిర్ణయించుకున్నాను. షార్జా పోతాను.

వాడు అక్కడి నుంచి వచ్చి నా చోట కూర్చున్నాడు, నేను పోయి వాడి చోట కూర్చుంటాను. లెక్క సరి. ఏజెంటును అడిగాను, సమ్మె అయ్యాక పాస్‌పోర్టు తెమ్మన్నాడు. ఉస్తాద్ రెండో కన్ను కాగానే ఆయన ముందు నిలబడి చెబుతాను: మీ దుకాణం మీ మేనల్లుడికిచ్చుకోండి, నాకు సెలవు. అతియా నాతో రానంటే రానని చెప్పనీ. అప్పుడైనా నా ముఖం మీద చెబుతుంది కదా, ఫోన్ కట్ చేయకుండా.

బయట రోడ్డు మీదే బతుకమ్మ ఆడుతున్నారు. పూల పక్కన జెండాలు. ఊరు ఊరంతా ఒక్క మాట మీద ఉంటే నేనొక్కడినే లోపల కూర్చుని ఈ గోల రాస్తున్నాను.

అక్టోబర్ 5

నిన్నా ఈరోజూ నేను చేయలేదు. ఆమె కూడా చేయలేదు.

అక్టోబర్ 7

షట్టర్ ఎత్తానో లేదో బుచ్చవ్వ వచ్చింది. దేవేందర్ వాళ్ళ అమ్మ. వెనకాల సుస్మిత, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉంది. కొడుకు ఆమెను పుట్టింటికి పంపేయమన్నాడట. పండగ పూట ఆ మాట అన్నాడట. బుచ్చవ్వ ఫోన్ తెచ్చి నా బల్ల మీద కొట్టినంత పని చేసింది.

“షోయబూ, నా కోడలు కొయ్యలే. నీ ఫోనే కోస్తంది.”

“అవ్వా, ఫోన్ దానంతట అది...”

“నోరు ముయ్యి. గియ్యాల నేనే పట్టుకున్న చేతుల. నా కొడుకు చేసిండు. తెర మీద మెరిసింది, ఏల్లు పెట్టకముందే మాయమాయె. ఇంగ్లీషుల ఏందో వచ్చింది. నేను కోసిన్నా? పెంచిన కొడుకు ఫోన్ నేను కోస్తనా? నువ్వేం పెట్టినవో దీంట్ల, తీసెయ్యి!”

ఇంగ్లీషులో ఏదో వచ్చింది.

దేవేందర్‌ను మళ్ళీ చేయమని షాపు ఫోన్‌తో చెప్పాను. నా కళ్ళ ముందే సుస్మిత ఫోన్ వెలిగింది. పేరు రావడం మొదలై, పూర్తిగా రాకముందే తెర నల్లబడింది. ఫోన్ విభాగం పనిచేయడం ఆగిపోయిందని ఇంగ్లీషు అక్షరాల పలక ఒకటి తెర మీదికి వచ్చింది. మెకానిక్ అన్నవాడు చూడగానే పోల్చుకోవాల్సిన పలక. కాల్ తెగిపోయింది.

పేరు ఏమని ఉందో తీసి చూశాను. ‘మా అత్తమ్మ పెద్దకొడుకు దుబాయిల ఉన్నాయన’.

“గిదేంది?” అన్నాను.

సుస్మిత తల వంచుకుంది. బుచ్చవ్వే చెప్పింది. “మొగని పేరు రాస్తదా మరి? బాగనే రాసింది.”

నేను అది తీసేసి ‘దేవేందర్’ అని కొట్టాను. సుస్మిత, “అయ్యో అన్నా, ఆయన పేరే రాస్తిరి” అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ చేయించాను. మోగింది. బుచ్చవ్వ లాక్కుని ఎత్తి, కొడుకును తిట్టిన తిట్లు టెంటు దాకా వినిపించాయి. తిట్టి తిట్టి కోడలి చేతికిచ్చింది.

పేరు పొడుగు. అంతే. తెలుగు పేరు ఒక హద్దు దాటితే ఫోన్ తట్టుకోలేక పడిపోతోంది. పేరు పెట్టి పిలిచే ఊళ్ళలో ఇది ఎవరికీ జరగదు. మా దగ్గర భర్త పేరు ఏ ఆడమనిషీ రాయదు, దాని బదులు ఇంత పొడుగు వరస రాస్తుంది. ఊళ్ళో అందరి ఫోన్లూ వస్తాయి, భర్తది ఒక్కటే రాదు.

దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని. అరవలేను.

అదే రోజు, మధ్యాహ్నం

చాలా రోజుల తర్వాత ఉబేద్ పేజీ తెరిచాను. అక్కడి పొగడ్తలు చూడలేక ఇన్నాళ్ళూ తెరవలేదు. దీనికి దిద్దుబాటు ఎప్పుడో పెట్టేశారు. ఇబ్రహీంపట్నంలో నర్సవ్వ అనే ఆమె, మా ఇంటాయన ఫోన్ తెగుతోందని హన్మంతుతో చెప్పి పంపిందట. మార్కండేయులు సారు ఒక్క పూటలో కారణం పట్టి, సరిచేసి, అందరికీ పెట్టాడు. ఉబేద్ ఎక్కించిన ఫోన్లన్నీ దాన్ని వాటంతట అవే అడిగి తెచ్చుకున్నాయి. కన్నడం వాళ్ళెవరో అదే దిద్దుబాటు తీసుకుని తమ ఫోన్లకు పెట్టుకుని, కింద ధన్యవాదాలు రాశారు. ఒకరికి తగిలిన దెబ్బకు ఇందరికి మందు దొరికింది. నా పేరున్న ఫోన్లకు తప్ప. వాటి దారి నేనే మూసేశాను.

కొత్తది ఎయ్యి భాయ్ అన్నాడు వాడు. నేను ఏమన్నానో పైన రాసే ఉంది.

అతియా ఫోన్‌కు కూడా నేనే కొట్టాను.

అక్టోబర్ 8

పొద్దున ఉబేద్ రాగానే చెప్పేశాను. కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను, నిలబడే చెప్పేశాను. “మీ పేర్లు తీసి నా పేరు పెట్టిన.”

“తెల్సు భాయ్. ఒక ఫోన్ నా దగ్గరికే అచ్చింది.”

“మరి అడగవా?”

“అడిగితే నన్ను షాపుకు రానిస్తువా?” అన్నాడు. మళ్ళీ తనే, “తీసుకున్నందుకు నాకేం లేదు. ఇచ్చినదే తీసుకుంటివి. పేరు తీసినప్పుడు మాత్రం మస్తు మండింది. అబద్ధమెందుకాడాలె” అన్నాడు.

అంటే వాడికి కూడా మండుతుంది. ఆ మాట విన్నాక మొదటిసారి వాడు నాకు మనిషిలా కనిపించాడు.

ఇద్దరం కూర్చుని నేను కొట్టిన ఫోన్లవాళ్ళను గుర్తు చేసుకుంటూ ఒక్కొక్కరినే పిలిపించాం. పేర్లన్నీ తిరిగి పెట్టాను, మార్కండేయులు సారుది, ముక్కూ ముఖం తెలియని వాళ్ళవి కూడా. తెర ఎటు ఉందో నేను చూసుకోలేదు. ఎవరో ఒకాయన చూస్తూ, “గింతేనా?” అన్నాడు. గింతే కాకా అన్నాను. దేవేందర్‌కు కూడా చేశాను. కనిపెట్టుకొని ఉండమన్నానే, ఆ మాట నాది తప్పురా అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

అక్టోబర్ 9. జగిత్యాల

ఉబేద్ లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని షేర్ ఆటోలో వచ్చాను. ఆటో నిండా మనుషులు, దారిలో రెండు చోట్ల రాస్తారోకో. రషీదాబీ గుమ్మంలోనే, “ఇన్నొద్దులకు యాదికచ్చినమా?” అంది.

ఉస్తాద్ మంచం మీద ఉన్నారు. ఒక కన్ను తెరిచి నన్ను పోల్చుకున్నారు. “దుకాణం బందు పెట్టి వచ్చినవా?”

“లేదు ఉస్తాద్. ఉబేద్ కూసున్నడు.”

“నీ కుర్చీలనా?”

“నా కుర్చీలనే.”

షార్జా మాట నేను ఎత్తలేదు.

అతియా లోపల బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. ఫోన్ ఇమ్మన్నాను. ఇచ్చింది. చేస్తున్న పని చెబుతూ, జరిగిందంతా చెప్పాను. ఉబేద్ ఫోన్ తీసి నేను చేసిన సంగతి కూడా. ఆమె చేతిలో చాట ఆగిపోయింది.

“గా దినం మాట్లాడనిది మీరేనా?”

“నేనే.”

“పది మాట్ల చెప్పిన, ఇంగ్లీషుల ఏందో అస్తదని. మెకానిక్‌కు చెప్తున్ననుకున్న. మొగనికి చెప్తున్ననని నాకు తెల్వదు.”

కొత్తది ఎక్కడం అయిపోయింది. ఫోన్ ఆమె ముందు పెట్టి, వాకిట్లోకి పోయి చేస్తాను చూడు అన్నాను. “ఆడికెందుకు, ఈన్నే చెయ్యిరి” అంది.

అక్కడే నిలబడి చేశాను. ఆమె ఫోన్ మోగింది. కట్ అవలేదు. చెయ్యి చాపింది కానీ ఎత్తలేదు. తెరను నావైపు తిప్పి పట్టుకుంది.

పేరు తెరలో పట్టలేదు. కుడి నుంచి ఎడమకు మెల్లగా జరుగుతూ వస్తోంది. నేను ఒక్కొక్క మాటా చదువుకున్నాను.

‘అబ్బాకు కొడుకు లేని లోటు తీర్చిన మా లుబ్నా వాళ్ళ అబ్బా’.

అయిపోయి, మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. నా చేతిలోని ఫోన్ చెవి దగ్గరే ఉండిపోయింది. నేనే కట్ చేయాలి, లేదా ఆమె ఎత్తాలి. ఇద్దరం ఏదీ చేయలేదు. మంచం మీద నుంచి ఉస్తాద్, “ఎవలదో ఫోన్ మోగుతంది, ఎత్తరాదుండ్రి” అని అరుస్తున్నారు.